గడప దాటి వచ్చిన చట్టం



సంఘం ఉన్నచోట పాలన ఉండాలి. పాలన ఉన్నచోట ఆజ్ఞ ఉంటుంది. ఆజ్ఞకు లోబడటం పౌరుని ధర్మం. ఇంతవరకు భేదాభిప్రాయం లేదు. కలుషితమైన నీటిని అమ్మరాదని ప్రభుత్వం శాసిస్తే మనం సంతోషిస్తాము. వాహనం నడిపేవాడు అనుమతి పత్రం పొందాలంటే తలవంచుతాము. కాని అదే ప్రభుత్వం మన గడప దాటి లోనికి వచ్చి, “ఈ ఇంట ఎందరు బిడ్డలు పుట్టారు?” అని లెక్కించి, ఆ లెక్కనుబట్టి ఇంటి ఇల్లాలి పౌరహక్కును నిర్ణయిస్తే? అప్పుడు లోబడటం ఎంతవరకు, ప్రశ్నించటం ఎక్కడినుంచి అన్న విచారణ తప్పనిసరి అవుతుంది.

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. మన తెలుగు నేలమీద మూడు దశాబ్దాలపాటు ఇటువంటి నిబంధన ఒకటి అమలులో ఉన్నది. ఇద్దరికంటే ఎక్కువ మంది సంతానం కలవారు గ్రామ పంచాయతీ మొదలుకొని స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదన్నదే ఆ నిబంధన. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో దీనిని రద్దు చేసింది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం కూడా దీనినే కొనసాగించగా, 2025లో దీనిని తొలగించే నిర్ణయం జరిగింది. నిబంధన పోయింది గనుక ఇక మాట్లాడుకోవటం ఎందుకని కొందరు అనవచ్చు. పోయినదానిని పరిశీలించినప్పుడే రాబోయేదానిని గుర్తుపట్టగలుగుతాము. అందుకే ఈ మాసం ఈ విషయాన్ని ఎంచుకున్నాము.

ముందుగా దాని పుట్టుకను చూద్దాము. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. గ్రామ పంచాయతీలకు రాజ్యాంగబద్ధమైన స్థానం, అయిదేళ్ళకొకసారి తప్పనిసరి ఎన్నికలు, స్త్రీలకు మూడోవంతుకు తగ్గకుండా స్థానాలు, పదకొండవ షెడ్యూలులో 29 అంశాలు ఆ సవరణ ఇచ్చిన వరాలు. అధికారం ఢిల్లీ నుండి, రాష్ట్ర రాజధాని నుండి దిగి ఊరి రచ్చబండ వద్దకు రావాలన్నది దాని ఆశయం. అయితే పంచాయతీ సభ్యుల అనర్హతలు ఏవో నిర్ణయించే అధికారాన్ని మాత్రం రాష్ట్ర శాసనసభలకు వదిలిపెట్టింది. ఆ వెసులుబాటును ఆధారం చేసుకొని పలు రాష్ట్రాలు ఇద్దరు పిల్లల నిబంధనను ప్రవేశపెట్టాయి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో అది చోటు చేసుకున్నది. చట్టం అమలైన నాటి నుండి ఒక సంవత్సరం గడువు ఇచ్చి, ఆ తరువాత అదనపు బిడ్డ పుడితే అనర్హతేనని చెప్పారు. రాజస్థాన్, హర్యానా, ఒడిశా రాష్ట్రాలలోనూ, తరువాత మధ్యప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్రలలోనూ ఇటువంటి శాసనాలే వచ్చాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇదే నియమాన్ని పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు వర్తింపజేయాలని 1992 డిసెంబరులో రాజ్యసభలో ఒక రాజ్యాంగ సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. అది 79వ సవరణ బిల్లు. ఆ బిల్లు చట్టం కాలేదు. అనగా ముగ్గురు బిడ్డల తండ్రి శాసనసభ్యుడు కావచ్చు, మంత్రి కావచ్చు, ముగ్గురు బిడ్డల తల్లి వార్డు సభ్యురాలు కారాదని శాసనం చేయవచ్చు. కాని ఆ తల్లి మాత్రం తన ఊరి వీధి కుళాయి గురించి మాట్లాడే పదవికి పోటీ చేయరాదన్నారు. భారమంతా అట్టడుగున ఉన్నవారిపైననే పడింది. నియమం చేసేవాడు ఆ నియమానికి తానూ లోబడినప్పుడే అది న్యాయమనిపించుకుంటుంది. తాను మినహాయింపు పొంది, క్రిందివానిపై మోపినది ఎంత మంచి ఉద్దేశంతో చేసినదైనా ప్రజల హృదయంలో చోటు సంపాదించుకోలేదు.

అధికార స్థాయిల మధ్య ఉన్న మరొక వైరుధ్యాన్ని కూడా గమనించండి. జనాభా నియంత్రణ, కుటుంబ నియంత్రణ అన్న అంశం 1976 నాటి 42వ సవరణ ద్వారా ఉమ్మడి జాబితాలో చేరింది. అనగా కేంద్రమూ, రాష్ట్రమూ రెండూ శాసనం చేయవచ్చు. స్థానిక సంస్థలు మాత్రం రాష్ట్ర జాబితాలోనివి. కేంద్రం తన 2000 నాటి జాతీయ జనాభా విధానంలో కుటుంబ నియంత్రణ స్వచ్ఛందంగా, తెలిసి చేసుకునే ఎంపికగా ఉండాలని ప్రకటించింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రంలోనూ సంతానం విషయంలో బలవంతానికి తాము వ్యతిరేకమని చెప్పింది. అదే దేశంలో, అదే కాలంలో, రాష్ట్రాలు మూడో బిడ్డను కన్నవారిని అనర్హులుగా ప్రకటిస్తూ వచ్చాయి. రాజస్థాన్‌లో ప్రభుత్వోద్యోగానికి కూడా ఇటువంటి నియమం ఉండగా, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. పైస్థాయిలో స్వేచ్ఛ అని మాట, క్రిందిస్థాయిలో శిక్ష అని చేత. సామాన్యుడు ఏ ప్రభుత్వం మాట నమ్మాలి?

పాలకుల పక్షాన చెప్పదగిన వాదాన్ని మనం దాచరాదు. న్యాయం కోరేవాడు ఎదుటివాని మాట పూర్తిగా వినాలి. ఆ రోజులలో జనాభా పెరుగుదల గురించిన భయం నిజమైనది. 1992-93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక స్త్రీకి సగటున 3.4 మంది బిడ్డలు కలుగుతున్నారు. బడులు, ఆసుపత్రులు, ధాన్యం సరిపోవేమోనన్న ఆందోళన పాలకులకు కలగటం సహజం. పైగా ఈ చట్టం ఎవరినీ ఆపరేషన్ బల్ల ఎక్కించలేదు, చెరసాలకు పంపలేదు. నాయకత్వం వహించేవాడు ఆదర్శంగా ఉండాలని మాత్రమే కోరిందని దాని సమర్థకులు అంటారు. అత్యవసర పరిస్థితి కాలంతో పోల్చినప్పుడు ఈ మాటలో కొంత బలం ఉన్నది. 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో ఎన్నో బలవంతం మీద జరిగినవి. పై నుండి లక్ష్యం వచ్చింది, జిల్లా అధికారి దానిని పంచాడు, ఉపాధ్యాయుడు, గుమాస్తా తన జీతం నిలవాలంటే మనుషులను తీసుకురావలసి వచ్చింది. అధికారపు మెట్లు ఒకదాని వెంట ఒకటి క్రిందికి దిగి చివరకు పేదవాని శరీరం మీద ఆగాయి. దానితో పోలిస్తే పంచాయతీ నిబంధన మృదువైనదే. కాని మృదువైన బలవంతం కూడా బలవంతమే.

ఈ వివాదం సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. హర్యానా చట్టాన్ని సవాలు చేసిన జావేద్ వ్యాజ్యంలో 2003 జూలై 30న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎన్నికలలో పోటీ చేయటం ప్రాథమిక హక్కు కాదని, చట్టం ఇచ్చిన హక్కును చట్టమే షరతులతో పరిమితం చేయవచ్చని న్యాయస్థానం అన్నది. పార్లమెంటుకు, ఇతర రాష్ట్రాలకు ఇటువంటి నియమం లేకపోవటం వివక్ష కాదని, ప్రతి శాసనసభ తన పరిధిలో నిర్ణయించుకోవచ్చునని, సంస్కరణ అంచెలంచెలుగా రావచ్చునని చెప్పింది. అదనపు బిడ్డను దత్తతకు ఇచ్చినంత మాత్రాన అనర్హత తొలగిపోదని కూడా స్పష్టం చేసింది.

ఆ వ్యాజ్యంలో మత స్వాతంత్ర్యం వాదన కూడా వచ్చింది. ముస్లింల ధర్మశాస్త్రం బహుభార్యత్వాన్ని అనుమతిస్తుంది గనుక ఈ నిబంధన ఆ స్వేచ్ఛకు భంగమని కొందరు వాదించారు. ధర్మం అనుమతించినది వేరు, విధించినది వేరు, అనుమతించిన ప్రతిదీ మతాచరణలో విడదీయరాని భాగం కాదు అని న్యాయస్థానం బదులు చెప్పింది. ధర్మశాస్త్రం చదివి చెప్పుకునే మాబోటివారికి ఈ భేదం కొత్తది కాదు. ‘వాజిబ్’ వేరు, ‘ముబాహ్’ వేరు అని మేము విద్యార్థులకు మొదటి సంవత్సరాలలోనే బోధిస్తాము. ఎక్కువ మంది బిడ్డలను కని తీరాలని షరీఅత్ ఎవరినీ ఆదేశించలేదు. భార్యాభర్తలు పరస్పర సమ్మతితో గర్భధారణను నివారించుకోవటాన్ని గురించి ఇమామ్ గజాలీ వంటి మహా పండితులే చర్చించి, అనుమతి ఉన్నదని చెప్పారు. కనుక ‘మా ధర్మం ఒప్పుకోదు’ అన్న ఒక్క మాటతో ఈ చట్టాన్ని ఎదుర్కొనటం సరికాదు. అది బలహీనమైన వాదం.

అయితే విచారణ అక్కడితో ముగియదు, అక్కడే మొదలవుతుంది. మనిషి స్వేచ్ఛ అన్నది ఉండేదే ముబాహ్ పరిధిలో. తప్పక చేయవలసిన దానిలో ఎంపిక లేదు, చేయకూడని దానిలోనూ ఎంపిక లేదు. చేసినా చేయకున్నా సమ్మతమైన విశాలమైన మైదానమే వ్యక్తి తనదిగా చెప్పుకోగల చోటు. ఏమి తినాలి, ఎక్కడ నివసించాలి, ఎప్పుడు వివాహమాడాలి, ఎందరిని కనాలి అన్నవన్నీ ఆ మైదానంలోనివే. ‘ఇది విధి కాదు గనుక మేము నిషేధించవచ్చు’ అని ప్రభుత్వం అన్నదంటే ఆ మైదానంలో మనిషికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ఫిఖహ్ శాస్త్రంలో పెద్దలు ఒక సూత్రాన్ని స్థిరపరచారు. ప్రజల విషయంలో పాలకుడు చేసే ప్రతి నిర్ణయమూ ప్రజాహితంతో ముడిపడి ఉండాలన్నది దాని సారాంశం. అనుమతించబడిన దానిని పరిమితం చేయవచ్చు. కాని అందులోని హితాన్ని నిరూపించే బాధ్యత పరిమితం చేసేవానిదే. స్వేచ్ఛను కోరేవాడు కారణం చెప్పనక్కరలేదు, స్వేచ్ఛను కుదించేవాడు చెప్పాలి. మన రాజ్యాంగ న్యాయశాస్త్రం కూడా క్రమంగా ఈ మార్గానికే వచ్చింది. సంతానం కనాలా వద్దా అన్న ఎంపిక 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 2009లో సుచితా శ్రీవాస్తవ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రకటించారు.

ఇక హితం నిరూపితమైనదా? ఈ చట్టం వలన భారం ఎవరిపై పడిందో చూడండి. మధ్యప్రదేశ్‌కు చెందిన విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారిణి నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాలలో ఈ నిబంధన ఫలితాలను అధ్యయనం చేశారు. పదవి నిలుపుకొనటానికి భార్యను విడిచిపెట్టినవారు, బిడ్డ తమది కాదన్నవారు, బిడ్డను ఇతరులకు ఇచ్చివేసినవారు, గర్భస్రావానికి బలవంతపెట్టినవారు ఆమె అధ్యయనంలో కనిపించారు. పదవి పురుషునిదైతే మూల్యం స్త్రీ చెల్లించింది. పదవి స్త్రీదైతే అప్పుడూ మూల్యం స్త్రీయే చెల్లించింది. మూడోవంతు స్థానాలతో అప్పుడప్పుడే బయటకు అడుగుపెట్టిన పేద స్త్రీలకు రాజ్యాంగం ఒక చేత్తో ఇచ్చిన దానిని రాష్ట్ర చట్టం మరొక చేత్తో తీసుకున్నది.

ఫలితం సంగతి చూద్దాము. 2019-21 సర్వే నాటికి దేశంలో సగటు సంతానం 2.0కు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు తగ్గింది. దీనిలో చట్టానికి ఏ పాత్రా లేదని మేము అనము. కాని ఇటువంటి పంచాయతీ నిబంధన లేకుండానే కేరళ 1980వ దశకం చివరికే సంతానాన్ని రెండుకు సమీపంగా తెచ్చుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఈ చట్టం రాకముందు, 1992-93 నాటికే, సగటు 2.6కు వచ్చి ఉన్నది. ఆడపిల్లల చదువు, శిశుమరణాలు తగ్గటం, వైద్యం అందుబాటులోకి రావటం ఏ అనర్హత వేటూ లేకుండానే పనిచేశాయి. సుప్రీంకోర్టులో గెలిచిన హర్యానాయే 2006లో తన నిబంధనను తానే రద్దు చేసుకున్నది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ ప్రదేశ్ 2005లోనే ఆ పని చేశాయి. మనకు మాత్రం మరో రెండు దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు గాలి ఎదురు దిశలో వీస్తున్నది. వృద్ధుల సంఖ్య పెరుగుతున్నది, యువత తగ్గుతున్నది, నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది స్థానాలు తగ్గుతాయేమోనన్న భయం కలుగుతున్నది. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవారే స్థానిక ఎన్నికలలో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉన్నదని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 2024 అక్టోబరులో ఒక సభలో అన్నారు. ఆ మాట చట్టరూపం పొందలేదు. కాని ఆలోచించండి. నిన్న మూడో బిడ్డను కన్నందుకు అనర్హురాలైన స్త్రీ, రేపు మూడో బిడ్డను కననందుకు అనర్హురాలు కావచ్చు. బిడ్డలు కలగని దంపతుల మాటేమిటి? మొదటి కాన్పులోనే ప్రాణాపాయం ఎదుర్కొన్న తల్లి మాటేమిటి? ఎక్కువ సంతానాన్ని ఇష్టపడే మనవారిలో కొందరు ఈ రెండో మాట విని సంతోషించటం మేము గమనించాము. సోదరులారా, సంతోషించవలసినది లేదు. రెండూ ఒకే తప్పు. చట్టం మనకు నచ్చిన అంకె చెప్పినందువలన న్యాయమైపోదు. గడప లోపలికి వచ్చే అధికారం దానికి ఉన్నదా అన్నదే ప్రశ్న.

కనుక ఏ ప్రభుత్వమైనా, గ్రామ పంచాయతీ కానివ్వండి, రాష్ట్రం కానివ్వండి, కేంద్రం కానివ్వండి, వ్యక్తి స్వేచ్ఛను పరిమితం చేసేటప్పుడు మనం మూడు విషయాలు అడగాలి. మొదటిది, ఈ పని వలన ఇతరులకు నిజంగా హాని కలుగుతున్నదా, లేక పాలకునికి ఇష్టం లేదా? రెండవది, అదే ప్రయోజనం బోధన ద్వారా, సదుపాయం ద్వారా, ప్రోత్సాహం ద్వారా సాధ్యం కాదా? మూడవది, నియమం చేసినవానికీ, నియమం మోయవలసినవానికీ అది సమానంగా వర్తిస్తున్నదా? ఈ మూడింటికీ సరైన సమాధానం ఉన్న చట్టానికి మనస్ఫూర్తిగా లోబడాలి. టీకాలు, పరిశుభ్రత, బాల్యవివాహ నిషేధం వంటివి ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఇద్దరు పిల్లల నిబంధన నెగ్గలేదు. సమాధానం లేని చట్టాన్ని ధిక్కరించమని మేము చెప్పటం లేదు. వినతిపత్రం, గ్రామసభ, ఓటు, న్యాయస్థానం మనకు ఉన్నాయి. ఒక రాష్ట్రం తరువాత ఒకటిగా ఈ నిబంధన తొలగింది అటువంటి శాంతియుతమైన మార్గాలలోనే.

ఒక్క స్థాయి మిగిలిపోయింది. అది పార్లమెంటు కాదు, శాసనసభ కాదు, పంచాయతీ కాదు. అది మన ఇల్లు. ప్రభుత్వం గడప దాటరాదని గట్టిగా వాదించే మనం, గడప లోపల ఏమి చేస్తున్నాము? ఎందరు బిడ్డలు కావాలో, ఎప్పుడు కావాలో, ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలో అత్తమామలు నిర్ణయిస్తారు, భర్త తలూపుతాడు, మోసే స్త్రీని మాత్రం ఎవరూ అడగరు. మగబిడ్డ కలిగేవరకు కనవలసిందేనని శాసించే కుటుంబానికీ, రెండు దాటితే శిక్షిస్తామన్న ప్రభుత్వానికీ భేదమేమున్నది? ఫిఖహ్ గ్రంథాలు గర్భధారణ నివారణను చర్చించేటప్పుడు భార్య సమ్మతిని ఎందుకు ప్రస్తావిస్తాయో మన ఇండ్లలో చర్చ జరగాలి. సంప్రదింపు, ‘షూరా’, పాలకుల దర్బారుకు మాత్రమే చెప్పిన మాట కాదు. పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పరం సంప్రదించుకొని, ఉభయుల సమ్మతితో నిర్ణయించుకోవాలని ఖుర్ఆన్ బోధిస్తున్నది. పాలు మాన్పించటానికే సంప్రదింపు అవసరమైనప్పుడు, బిడ్డను కనటానికి అవసరం కాదా?

నిబంధన తొలగిన తరువాత మన రెండు రాష్ట్రాలలో ఎందరో తల్లులకు పోటీ చేసే అర్హత తిరిగి లభించింది. బిడ్డల లెక్క కారణంగా ఇంతకాలం వెనుక నిలిచినవారిలో ఊరి కష్టాలు తెలిసినవారు, మాట నేర్పు ఉన్నవారు, నలుగురికి సాయపడే మనసున్నవారు ఎందరో ఉన్నారు. రాబోయే ఎన్నికలలో అటువంటి సోదరి మీ ఇంటనే ఉంటే, ఆమె నామినేషన్ వేయాలనుకుంటే, “ఇంటి పని ఎవరు చూస్తారు?” అన్న ప్రశ్నతో ఆమెను ఆపకండి. చట్టం ఎత్తివేసిన అడ్డుగోడను మన చేతులతో మళ్ళీ కట్టకండి. ఆమె ఇష్టపడకపోతే అదీ ఆమె స్వేచ్ఛే. అడగటం మాత్రం మన బాధ్యత.